పాత బుల్లెట్‌కు కొత్త తరం ఇంజన్ – సాధ్యాసాధ్యాలు

“కొత్తొక వింత, పాతొక రోత” అని మన పెద్దలు ఏనాడో అన్నారు. యంత్రాల విషయంలో ఈ సామెత మరింతగా వర్తిస్తుంది. నిన్న మొన్నటి దాకా ఇంటికి అలంకారమై నిలిచిన వాహనం, ఒక్కసారి దారిలో ఆగిపోయిన వెంటనే మన కంటికి తుక్కుగా కనిపిస్తుంది. “ఇంజన్ తీసి కొత్తది పెట్టించండి” అనే సలహా నలువైపుల నుండి వినవస్తుంది. ఈ సలహా వినడానికి ఎంతో సులభంగా ఉన్నది. ఆచరణలో అది ఎంతవరకు సాధ్యం? ఎంతవరకు లాభకరం? చట్టం దీనికి సమ్మతిస్తుందా? ఈ ప్రశ్నలకు మేము సేకరించిన సమాధానాలను పాఠక మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ఈ విషయం మీద మాకు ఆసక్తి కలగడానికి ఒక కారణం కలదు. గత వేసవి సెలవులలో మేము నలుగురం మిత్రులం రెండు మోటారు సైకిళ్ళపై హైదరాబాదు నుండి శ్రీశైలం జలాశయం చూడడానికి బయలుదేరాము. అందులో ఒకటి మా మిత్రుని తండ్రిగారి బుల్లెట్, 1984 నాటిది. ఆయన నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసిన రోజులలో కాలువ గట్ల వెంట తిరిగిన బండి అది. మన్ననూరు దాటి నల్లమల కొండలెక్కుతుండగా, ఇద్దరు మనుషులతోను సామానుతోను ఉన్న ఆ బండి ఒక్కసారిగా కీచుమని శబ్దం చేసి ఆగిపోయింది. వెనుక చక్రం బిగుసుకొని బండి కొంత దూరం జారింది. వెనుక నుండి లారీ ఏదీ రాకపోవడం మా అదృష్టం. పిస్టన్ సిలిండరులో పట్టేసింది. రాత్రివేళ ఆ అడవి దారిని మూసివేస్తారు గనుక, చీకటి పడకముందే ఒక సరుకుల వ్యానులో బండిని ఎక్కించుకొని వెనుదిరిగాము.

నగరానికి చేరిన తరువాత మాలో మాకు వాదం మొదలైనది. ఒకరు “500 ఇంజన్ పెట్టిద్దాం” అన్నారు. మరొకరు “కొత్త తరం ఇంజన్ దొరుకుతుంది, అదే పెట్టిద్దాం” అన్నారు. బండి యజమాని అయిన పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. మేము మాత్రం విషయం తెలుసుకొననిదే ఏ నిర్ణయమూ చేయరాదని తీర్మానించుకొని, పుస్తకాలను, యంత్రాలను బాగుచేసే ఉస్తాదులను ఆశ్రయించాము.

బుల్లెట్ పూర్వ చరిత్ర

బుల్లెట్ అనే పేరు మొదట 1932లో ఇంగ్లండులో వినబడింది. రెడ్డిచ్ అనే పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీవారు దానిని తయారుచేశారు. మనకు తెలిసిన రూపం, అనగా వెనుక చక్రానికి కూడా స్ప్రింగుల సదుపాయం కలిగిన 350 బుల్లెట్, 1949లో మార్కెట్టులోకి వచ్చింది. సరిహద్దులలో గస్తీ తిరగడానికి భారత సైన్యం ఈ బండిని ఎన్నుకొన్నది. ఆ కారణంగా 1955లో మద్రాసు మోటార్స్ వారు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించారు. మద్రాసు నగరానికి చేరువలోని తిరువొత్తియూరులో కర్మాగారం నెలకొన్నది. కాలక్రమాన ఇంగ్లండులోని మాతృసంస్థ మూతపడింది గాని, ఇక్కడి కర్మాగారం మాత్రం ఆ పాత నమూనానే కొద్దిపాటి మార్పులతో దశాబ్దాల పాటు తయారు చేస్తూ వచ్చింది. 1977 నుండి బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి కావడం చరిత్రలోని ఒక విచిత్రం.

ఇంత దీర్ఘకాలం ఒకే నమూనా కొనసాగుట వలన ఒక విశేషం జరిగింది. దేశంలో ఏ ఊరికి వెళ్ళినా ఈ బండి విడిభాగాలు, దానిని విప్పగలిగిన చేతులు దొరుకుతూ వచ్చాయి. సుదూర యాత్రలకు బుల్లెట్ పేరుపొందడానికి దాని బరువు, దాని నిదానం ఎంత కారణమో, ఈ సౌలభ్యం కూడా అంతే కారణం.

నాలుగు తరాల ఇంజన్లు

బుల్లెట్ జాతి 350 ఇంజన్లను స్థూలంగా నాలుగు తరాలుగా విభజించవచ్చును.

మొదటిది పోత ఇనుప సిలిండరు గల పాత ఇంజన్. దీని సిలిండరు వ్యాసం 70 మి.మీ., పిస్టన్ నడిచే దూరం 90 మి.మీ. లెక్క కడితే 346 ఘనపు సెంటీమీటర్లు వస్తుంది. దీని శక్తి సుమారు 18 అశ్వశక్తులు. గేరు పెట్టె ఇంజన్ వెనుక వేరుగా బిగించబడి ఉంటుంది.

రెండవది ఆస్ట్రియా దేశంలోని ఏ.వి.ఎల్. సంస్థ సహకారంతో రూపొంది, 2000 సంవత్సరం ప్రాంతంలో వచ్చిన ఇంజన్. కొలతలు పాతవే. సిలిండరు మాత్రం అల్యూమినియంతో తయారైనది. తక్కువ పెట్రోలును ఎక్కువ గాలితో కలిపి మండించే పద్ధతి ఇందులో ఉన్నది. గేరు పెట్టె ఇక్కడ కూడా వేరుగానే ఉన్నది.

మూడవది 2008లో వచ్చిన ఏకఖండ నిర్మాణపు ఇంజన్. మెకానిక్కులు దీనిని యు.సి.ఇ. అంటారు. ఇందులో ఇంజన్, క్లచ్, గేరు పెట్టె అన్నీ ఒకే పోతలో ఇమిడి ఉన్నాయి. కొలతలు మళ్ళీ 70, 90 మి.మీ.లే. శక్తి 5,250 చుట్ల వద్ద 19.8 అశ్వశక్తులు.

నాలుగవది 2020లో మీటియర్ అనే బండితో వచ్చినది. వ్యాసం 72 మి.మీ., పిస్టన్ నడక 85.8 మి.మీ., మొత్తం 349 ఘ.సెం.మీ. శక్తి 6,100 చుట్ల వద్ద 20.2 అశ్వశక్తులు. కవాటాలను తెరిచే క్యామ్ సిలిండరు తలపైకి చేరింది. కుదుపును తగ్గించడానికి ఎదురు బరువుతో తిరిగే ప్రత్యేకమైన ఇరుసు కూడా అమర్చబడింది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మేము నిర్ఘాంతపోయాము. 18, 19.8, 20.2! ఎన్నో దశాబ్దాల పరిణామంలో పెరిగిన శక్తి రెండు గుర్రాలు మాత్రమే. కొత్త ఇంజన్ పెడితే బండి గాలిలో తేలిపోతుందని తలచేవారు ఈ లెక్కను ముందుగా గమనించవలెను.

మరి లాభం ఎక్కడ ఉన్నది?

కొత్త తరాలలో లాభం లేదని మా భావం కాదు. ఉన్నది, కాని అది శక్తిలో లేదు, ఓర్పులో ఉన్నది. ముఖ్యంగా మూడు విషయాలు పేర్కొనదగినవి.

మొదటిది వేడిని తట్టుకొనుట. పోత ఇనుము కంటె అల్యూమినియం మిశ్రమం దాదాపు మూడు రెట్లు వేగంగా వేడిని బయటకు పంపుతుంది. మనం భౌతికశాస్త్రంలో చదివే వ్యాకోచ సూత్రం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. 70 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.15 మి.మీ. పెరుగుతుంది. అంతే వేడికి పోత ఇనుప సిలిండరు సుమారు 0.08 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. లోపలిది ఎక్కువగా ఉబ్బి, బయటిది తక్కువగా సాగినప్పుడు మధ్యనున్న సందు హరించుకుపోతుంది. ఆ సందులో నూనె పొర కూడా తెగిపోతే లోహం లోహాన్ని పట్టుకొంటుంది. కొండ దారిలో బండి వేగం తక్కువ గనుక గాలి తక్కువ తగులుతుంది. భారం ఎక్కువ గనుక వేడి ఎక్కువ పుడుతుంది. నల్లమలలో మాకు జరిగినది ఇదే.

రెండవది నూనె, బేరింగుల వ్యవస్థ. పాత బుల్లెట్‌లో పిస్టన్‌ను క్రాంకుతో కలిపే రాడ్ పెద్ద చివరన బాల్ బేరింగు గాని రోలరు గాని ఉండదు. నూనెలో తేలుతూ తిరిగే ఒక బుష్ మాత్రమే ఉంటుంది. నూనె సరిగా అందినంత కాలం అది ఎంతో మృదువుగా నడుస్తుంది. నూనె తగ్గిన మరుక్షణం అరిగిపోతుంది. ఏకఖండ ఇంజన్‌లో దీని స్థానాన్ని రోలరు బేరింగు ఆక్రమించింది. కవాటాల సందును దానంతట అదే సరిచేసుకొనే నూనె ట్యాపెట్లు కూడా వచ్చాయి. నెలనెలా పానా పట్టుకొని ట్యాపెట్లు సరిచేసే పని తప్పింది.

మూడవది బండిని స్టార్టు చేయుట. పాత బండికి డికంప్రెషను లివరు నొక్కి, అమ్మీటరు ముల్లును మధ్యకు తెచ్చి, అప్పుడు కిక్ కొట్టవలెను. ఈ విద్య తెలియనివాని పాదాన్ని ఆ కిక్ వెనక్కి తన్నడం మనలో చాలామందికి అనుభవమే. కొత్త తరంలో ఒక మీట నొక్కితే చాలును. వయసు మళ్ళినవారికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇంజన్ ఒక ఎముక

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. పాత బండిలోని ఇంజన్‌ను తీసి కొత్తదానిని అదే స్థానంలో పెట్టవచ్చునా?

సైకిలును చూడండి. దాని చట్రం నాలుగువైపులా మూసుకొని ఉన్నది. పాత బుల్లెట్ చట్రం అలాంటిది కాదు. ముందునుండి దిగివచ్చే గొట్టం ఇంజన్ ముఖం దగ్గర ఆగిపోతుంది. ఇంజన్ కింద గొట్టమే లేదు. ఆ ఖాళీని ఇంజన్, గేరు పెట్టె, వాటిని కలిపే ఇనుప పలకలు కలిసి పూరిస్తాయి. అనగా ఈ బండిలో ఇంజన్ మోయబడే సరుకు మాత్రమే కాదు, మోసే ఎముక కూడా. దానిని తీసివేస్తే చట్రానికి అడుగు భాగం లేకుండా పోతుంది. కొలతలు వేరైన మరొక ఇంజన్‌ను అక్కడ నిలబెట్టడం అంటే ఒకరి తొడ ఎముకను తీసి మరొకరికి అమర్చడం వంటిది.

పాత రోజులలో ఈ పని కొంత సులభంగా జరిగినదంటే దానికి కారణం గేరు పెట్టె వేరుగా ఉండడమే. ఉన్న గేరు పెట్టెను, క్లచ్‌ను అలాగే ఉంచి, ముందున్న ఇంజన్‌ను మాత్రం మార్చగలిగేవారు. పొలాలలో నీటి పంపులకు వాడే చిన్న డీజిలు ఇంజన్లను బుల్లెట్లలో బిగించుకొన్న రైతులు, పల్లె మెకానిక్కులు ఉత్తర భారతంలో ఎందరో ఉండేవారు. కర్మాగారం వారే 325 ఘ.సెం.మీ. లొంబార్డినీ డీజిలు ఇంజన్‌తో బండిని తయారుచేసి అమ్మారు. దాని శక్తి 6.5 అశ్వశక్తులు మాత్రమే. ఎద్దుబండికి అన్నగారిలా నడిచినా, లీటరుకు అది ఇచ్చిన మైలేజీ కారణంగా దానిని కొన్నవారు ఉన్నారు. కాలుష్య నిబంధనలు కఠినమైన తరువాత ఆ బండి కనుమరుగైనది.

అదే న్యాయంతో 350 స్థానంలో 500 ఇంజన్‌ను అమర్చుట కూడా సాధ్యమైనది. రెండింటిలోనూ పిస్టన్ నడక 90 మి.మీ.లే, 500లో సిలిండరు వ్యాసం మాత్రం 84 మి.మీ. రెండవ తరపు ఏ.వి.ఎల్. ఇంజన్‌కు కూడా గేరు పెట్టె వేరుగా ఉన్నందున, పాత చట్రంతో దాని పొత్తు తక్కిన కొత్త ఇంజన్ల కంటె సులభం.

మూడవ తరంతో కథ మారిపోతుంది. గేరు పెట్టె ఇంజన్ కడుపులోనే ఉన్నది గనుక పాత గేరు పెట్టెకు ఇక చోటులేదు. బోల్టులు పట్టే స్థానాలు మారిపోయాయి. పాత చట్రానికి కొత్త పలకలు కోయించి, వెల్డింగు చేయించి, రంధ్రాలు కొత్తగా వేయించవలసి ఉంటుంది. మన పేటలలో లేతు మిషను, వెల్డింగు మిషను లేని వీధి లేదు. వెల్డింగు చేయుట గొప్ప కాదు. ఆ వెల్డింగు ఎనభై కిలోమీటర్ల వేగంతో గుంతలో పడిన చక్రపు దెబ్బను పదేళ్ళపాటు తట్టుకొనుట గొప్ప. కర్మాగారంలో చట్రాన్ని పరీక్షించే సాధనాలు వీధి షాపులో ఉండవు. నాలుగవ తరపు ఇంజన్‌కైతే కర్మాగారం వారే ముందు రెండు గొట్టాలు దిగివచ్చే పూర్తిగా కొత్త చట్రాన్ని రూపొందించారు. ఇంజన్ కోసం చట్రాన్నే మార్చిన చోట, చట్రాన్ని ఉంచి ఇంజన్ మార్చాలనుకొనుట సాహసమే.

ఇంజన్ తరువాత ఏమేమి?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు. ఇంజన్ మార్చి చూడు అని కూడా చేర్చవచ్చునేమో. చట్రంలో ఇంజన్ కూర్చున్నంత మాత్రాన పని ముగియదు.

చైను వరుసను మొదట చూడవలెను. ముందు స్ప్రాకెట్, వెనుక స్ప్రాకెట్ ఒకే గీతలో ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా చైను వంకరగా లాగబడి, పళ్ళను కోసుకొంటూ, ఒకనాడు తెగి చక్రంలో చిక్కుకొంటుంది. అలాగే స్ప్రాకెట్ పళ్ళ లెక్క. వెనుక 38 పళ్ళు ఉన్నప్పుడు ముందు 17కు బదులు 18 పళ్ళది వేస్తే, ఇంజన్ అదే వేగంతో తిరిగినా బండి దాదాపు ఆరు శాతం వేగంగా పోతుంది. మైదానంలో ఇది హాయి. ఘాట్ రోడ్డులో ఇదే భారం.

రెండవది బ్రేకులు. ఈ విషయాన్ని మా మిత్రులు ఒక్కరూ మొదట తలచలేదు. కదిలే వస్తువులోని శక్తి దాని వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనం పదవ తరగతిలోనే చదివాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపడానికి బ్రేకులు ఎంత శక్తిని మింగాలో, 80 వద్ద దానికి దాదాపు 1.8 రెట్లు మింగవలసి ఉంటుంది. పాత బుల్లెట్‌కు రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 500 ఇంజన్ పెట్టి బ్రేకులను పాతవే ఉంచుట, పరుగెత్తడం నేర్పి ఆగడం నేర్పకపోవుట వంటిది.

మూడవది విద్యుత్తు. మా బండిలో 6 వోల్టుల బ్యాటరీ, పాయింట్లు, కాయిల్ ఉన్నాయి. ఏకఖండ ఇంజన్‌కు 12 వోల్టులు కావాలి. మీట నొక్కి స్టార్టు చేసే మోటారు కావాలంటే పెద్ద బ్యాటరీ, లావు తీగలు, దానికి తగిన రెగ్యులేటరు కావాలి. దీపాలు, హారను అన్నీ మార్చాలి. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన ఇంజన్లలో కార్బురేటరు స్థానాన్ని ఇంధనాన్ని చిమ్మే పరికరం ఆక్రమించింది. దానితో బాటు ట్యాంకులో పంపు, పొగలోని ప్రాణవాయువును కొలిచే సాధనం, వీటన్నిటికీ ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు ఉంటాయి. ఇవి ఒకదానికొకటి సరిపడకపోతే ఇంజన్ స్టార్టు కాదు. ఇంజన్‌ను తెచ్చుకొంటే దాని నాడీమండలాన్ని కూడా సమూలంగా తెచ్చుకోవలసిందే.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనం రిజిస్ట్రేషను పత్రంలో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ వ్రాయబడి ఉంటాయి. ఆ రెండు నంబర్లే ఆ బండికి జన్మపత్రిక. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని స్పష్టంగా ధ్రువపరచింది. పాడైన ఇంజన్ స్థానంలో అదే రకపు ఇంజన్‌ను పెట్టుకొనుటకైనా రవాణా అధికారుల అనుమతి తీసుకొని, కొత్త నంబరును పత్రంలో ఎక్కించుకొనవలెను. అదే సంవత్సరం జరిగిన చట్ట సవరణ అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాను, లేదా ఆరు నెలల వరకు జైలును, లేదా రెండింటినీ విధించింది.

ఈ నియమం కేవలం అధికారుల పట్టుదల అని కొందరు విద్యార్థులు భావించవచ్చును. అది సరికాదు. దొంగిలించబడిన బండ్ల ఇంజన్లు పాత సామాను బజారులలో చేతులు మారుతుంటాయి. చౌకగా దొరికిన ఇంజన్ ఎవరి ఇంటి ముందునుండి మాయమైనదో కొన్నవానికి తెలియదు. కాని నంబరు పట్టుబడిన నాడు సమాధానం చెప్పవలసినవాడు అతడే. ప్రమాదం జరిగినప్పుడు పత్రంలోని నంబరుకు, ఇంజన్ మీది నంబరుకు పొంతన లేకపోతే బీమా సొమ్ము విషయంలో చిక్కులు తప్పవు. గాయపడిన ఎదుటివాడు కూడా ఆ చిక్కులలో పడి నష్టపోతాడు. సొంత బండి గనుక మన ఇష్టం అనుటకు వీలులేని చోటు ఇదే.

పదిహేనేళ్ళు నిండిన సొంత వాహనానికి రిజిస్ట్రేషను పునరుద్ధరణ కూడా చేయించవలసి ఉంటుంది. అప్పుడు అధికారి ఈ నంబర్లను కళ్ళారా చూచి సరిపోల్చుతారు.

మేము చేసిన పని

ఇంతవరకు తెలుసుకొన్న తరువాత మేము బండిని ఒక వృద్ధ ఉస్తాద్ దగ్గరకు తీసుకుపోయాము. ఆయన నలభై ఏళ్ళకు పైగా ఈ బండ్లనే విప్పి బిగిస్తున్నారు. మేము నాలుగు తరాల ఇంజన్ల గురించి మా పాండిత్యమంతా ప్రదర్శించాము. ఆయన ఓపికగా విని, “కొత్త ఇంజన్ సంగతి తరువాత చూద్దాం బాబూ, ముందు ఈ పాతది ఎందుకు పోయిందో చెప్పండి” అన్నారు. మా దగ్గర సమాధానం లేదు.

ఆయనే ఇంజన్‌ను విప్పి చూపించారు. పాత బుల్లెట్‌లో నూనెను తిప్పడానికి క్రాంకు చివరినుండి మరచుట్టు పళ్ళతో నడిచే రెండు చిన్న పంపులు ఉన్నాయి. ఒకటి నూనెను బేరింగుకు పంపుతుంది; మరొకటి కిందికి జారిన నూనెను తిరిగి లాగుతుంది. వాటి నడుమ ఒక ఫిల్టరు ఉంటుంది. మా బండిలో ఆ ఫిల్టరు నల్లని బంకతో మూసుకుపోయి, ముద్దగా చేతికి వచ్చింది. పంపుల ముఖాలు అరిగిపోయాయి. ఆ ఫిల్టరును చివరిసారిగా ఎప్పుడు మార్చారని ఆయన అడిగారు. మా మిత్రుడు తల దించుకొన్నాడు. తండ్రిగారు పదవీ విరమణ చేసి బండిని కుమారునికి అప్పగించిన నాటినుండి, నూనె తగ్గితే పైపైన పోయడమే గాని పాత నూనెను దింపి మార్చినది లేదు. ఆ నిర్లక్ష్యంలో మా అందరికీ భాగం ఉన్నది. ఎందుకంటే ఆ బండి మీద మేమందరం తిరిగినవారమే.

అప్పుడు మాకు విషయం అవగతమైనది. అక్కడ కొత్త తరం ఇంజన్ ఉన్నా, నూనె మార్చనివాని చేతిలో దానికీ ఇంచుమించు అదే గతి పట్టేది. మేము తరాన్ని నిందించాము. తప్పు తరానిది కాదు.

కాబట్టి ఇంజన్ మార్చే ఆలోచనను విరమించి, దానినే బాగుచేయించాము. సిలిండరును బోరు చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్‌ను, కొత్త రింగులను వేయించాము. అరిగిన బుష్ స్థానంలో రోలరు బేరింగు గల రాడ్‌ను అమర్చారు. నూనెను ఎక్కువగా పంపే పంపులు విడిగా దొరుకుతున్నందున అవి వేయించాము. అనగా కొత్త తరంలోని సుగుణాలలో పాత దేహానికి ఇమిడేవాటిని మాత్రమే తీసుకొన్నాము. క్రాంకు కేసు పాతదే, దానిమీది నంబరు పాతదే. చట్టానికి గాని చట్రానికి గాని ఏ ఇబ్బందీ కలగలేదు. బ్రేకు షూలను కూడా ఆయన మాట మీద అదే సమయంలో మార్పించాము.

మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని నిదానంగా నడపమని ఉస్తాద్ హెచ్చరించారు. తలకు పోయే నూనె గొట్టపు బోల్టును కాస్త వదులు చేసి, నూనె పైకి వస్తున్నదో లేదో చూచుకొనే పద్ధతిని మాచేత స్వయంగా చేయించారు. వర్షాలు తగ్గిన తరువాత మేము మళ్ళీ అదే దారిన శ్రీశైలం వెళ్ళాము. మన్ననూరు దగ్గర పావుగంట ఆగి ఇంజన్‌ను చల్లారనిచ్చాము. బండి కొండ ఎక్కింది. తిరిగివచ్చిన నాడు పెద్దాయన బండిని తానే ఒకసారి స్టార్టు చేసి, ఆ శబ్దాన్ని కొంతసేపు విని, ఆపి, లోపలికి వెళ్ళిపోయారు. అంతకంటె ఆయన ఏమీ అనలేదు.

ముగింపు

పాత యాత్రా వాహనంలో కొత్త ఇంజన్‌ను అమర్చుట అసాధ్యమని మేము అనడం లేదు. గేరు పెట్టె వేరుగా ఉన్న తరాలలో, అదే జాతి ఇంజన్‌తో, అధికారుల అనుమతి తీసుకొని, బ్రేకులను, విద్యుత్తును సరిచేసుకొని చేయగలిగినవారు చేయవచ్చును. కాని ఆ పనికి పూనుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. పాత ఇంజన్ ఎందుకు పాడైనది? కొత్తది ఆ లోపాన్నే తీరుస్తున్నదా? దాని శక్తిని మోయడానికి, ఆపడానికి మిగిలిన బండి సిద్ధంగా ఉన్నదా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన తరువాతనే పానా చేతబట్టవలెను.

మా బండిలోనుండి తీసిన గీతలు పడిన పాత పిస్టన్‌ను, బంక పట్టిన ఫిల్టరును మేము భద్రపరచి ఉంచాము. కళాశాల సంఘంవారు అనుమతించినచో వాటిని మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు సమర్పించదలచాము. వ్యాకోచం, ఘర్షణ అనే రెండు పాఠాలను మా తరువాతి విద్యార్థులు వాటిని చేతితో తాకి చదువుకొనగలరని మా ఆశ. ఆ పాఠాలను మేము నేర్చుకొన్న చోట, నల్లమల ఘాట్ రోడ్డు మీద, వారు నేర్చుకొనవలసిన అవసరం రాకూడదు.